పదమూడో ప్రకరణంలో లేని వాక్యం

ఎర్రగుట్టపల్లె, భువనగిరి తాలూకా
3 డిసెంబరు 1948

అన్నకు,

నీ చేతిరాతను చదవగలిగిన ఒకే ఒక్క మనిషి, నీ చెల్లెలు కౌసల్య, నమస్కరించి రాస్తున్నది.

నీ పుస్తకం పన్నెండో ప్రకరణం దాకా శుభ్రంగా ఎత్తి రాశాను. ‘నరాల జబ్బులు’ అన్న పేరు బాగానే ఉంది. కానీ ఉర్దూ మాట రాసి కొట్టేసి, ఇంగ్లీషు మాట రాసి కొట్టేసి, తెలుగు మాట దొరకక నువ్వు ఖాళీ వదిలిన చోట్లు ముప్పై ఆరు ఉన్నాయి. డాక్టరీ చదివింది ఉర్దూలో, నమ్మేది ఇంగ్లీషు పుస్తకాన్ని, చూసేది తెలుగు రోగులను. ఖాళీలు రాక ఏం చేస్తాయి? “కాళ్లల్ల చీమలు పారినట్టు అయితాంది” అని మా పక్కింటి సైదమ్మ అంటుంది. “మొద్దువారింది” అని బుచ్చయ్య మామ అంటాడు. రెండూ రాసి పంపుతున్నాను. నచ్చింది పెట్టుకో.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ ఉత్తరం తపాలాలో వేయలేదు. మా ఊరి వెంకటయ్య గొంగళ్లు అమ్మడానికి అచ్చంపేట అంగడికి వస్తుంటే అతని మూటలో పెట్టించాను. పోలీసు చర్య అయిన తర్వాత మా ఊరి బడిలో మిలిటరీ క్యాంపు పెట్టారు. వచ్చే ఉత్తరాలూ పోయే ఉత్తరాలూ అక్కడ విప్పి, అమరేందర్ అనే దుబాసీ చేత చదివించుకుని, మళ్లీ అతికించి పంపుతున్నారు. నీ కిందటి ఉత్తరం నా చేతికి వచ్చేసరికి అంచు ఇంకా తడిగానే ఉంది. నువ్వూ జవాబు వెంకటయ్య చేతికే ఇవ్వు.

మీ బావకు పోయిన ఎండాకాలంలో నడుము పట్టేసింది. తర్వాత కాళ్లు కర్రల్లాగా బిగుసుకున్నాయన్నాడు. బతుకమ్మ పండుగ నుంచి మంచం దిగలేదు. నేనే లేపుతాను, నేనే కడుగుతాను. రజాకార్ల రోజుల్లో బురుజు మీద కాపలాకు ఇంటికొక మనిషి రావాలని సంఘం వాళ్లు పిలిస్తే ఈయన పోలేదు. “కాళ్లు వస్తలేవా, గుండె వస్తలేదా?” అని వెక్కిరించి పోయారు. ఇప్పుడు క్యాంపు సుబేదారుకు ఇంకో అనుమానం. ఇంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి పగలంతా పడుకున్నాడంటే చీకటి పడ్డాక దళంలో తిరుగుతున్నట్టేనట.

అన్నా, వాళ్ల అనుమానానికి నాకు బాధ లేదు. నాకూ అనుమానం పుట్టింది, అదే బాధ. మొన్న పొద్దున దర్వాజా పక్క గోడకు ఎర్రమట్టి పూసి చేనుకు పోయాను. తిరిగి వచ్చేసరికి ఆ పచ్చి మట్టి మీద నా భుజం ఎత్తున రెండు చేతుల గుర్తులున్నాయి. ఇంట్లో ఆయన తప్ప ఎవరూ లేరు. అడిగితే “నాకేం ఎరుక?” అన్నాడు. పన్నెండేండ్ల కాపురంలో ఆయన నాతో అబద్ధమాడడం అదే మొదలు.

పదమూడో ప్రకరణం మొదట్లో నువ్వు రాశావు కదా, నిజంగా పడిపోయిన కాలినీ పడిపోయినట్టు నటించే కాలినీ పాదం మీద గీత గీసి తేల్చవచ్చునని. అదెలాగో నాకు విడమరచి రాయి. రోగం నిజమైతే క్యాంపుకు నేనే పోయి కొట్లాడతాను. నిజం కాకపోతే ఏం చేస్తానో నాకు తెలియదు. ఏదో ఒకటి తేలకుండా మాత్రం ఆ కాళ్లు కడగలేకపోతున్నాను.

నీ చెల్లెలు
కౌసల్య


సర్కారు దవాఖాన, అచ్చంపేట
19 డిసెంబరు 1948

నా చేతిరాతను వెక్కిరిస్తూనే ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాసే కౌసల్యకు ఆశీస్సులు.

‘చీమలు పారడం’ తీసుకున్నాను. ఉర్దూలో మా ఉస్తాదు చెప్పిన మాట కంటే అదే బాగుంది. సైదమ్మకు నా దండాలు చెప్పు.

ఇక్కడ నరాల వైద్యం అంటే ఎవరికీ పట్టదు. జ్వరాలు, పాముకాట్లు, ఎలుగుబంటి రక్కిన గాయాలు. మోకాలి మీద కొట్టి చూసే నా చిన్న రబ్బరు సుత్తిని చూసి “డాక్టర్ సాబు వడ్రంగి పని గూడ చేస్తడా?” అని మా నర్సు నిర్మలమ్మను అడిగారట. ఆమె నా ముందు నవ్వలేదు గానీ, వెనక్కి తిరిగాక భుజాలు కదిలాయి.

పరీక్ష ఇలా చేయాలి. మనిషి వెల్లకిలా పడుకోవాలి. కాలు వదులుగా ఉండాలి. ముందుగా చెప్పకూడదు. తాళంచెవి లాంటిది తీసుకుని మడమ దగ్గర మొదలుపెట్టి, అరికాలి బయటి అంచు వెంట చిటికెన వేలి దాకా గీసి, అక్కడి నుంచి బొటనవేలి వైపు తిప్పాలి. ఇక నా పుస్తకంలోని వాక్యాలు చదువుకో: ‘బొటనవేలు నిదానంగా పైకి లేచినచో రోగము నిజము. లేవనిచో రోగము లేదు.’ మెదడు నుంచి కాలికి పోయే దారి ఎక్కడైనా దెబ్బతింటేనే ఆ వేలు లేస్తుంది. మనిషి నటించి లేపలేడు, ఆపలేడు. ఈ రెండు వాక్యాలకు నాకు నాలుగు రోజులు పట్టింది. ఎంత సాఫీగా నడుస్తున్నాయో చూడు.

ఒక పని చేసిపెట్టు. నడుము పట్టేసి కాళ్లు బిగుసుకున్నవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉంటే, వాళ్ల పేర్లు, వయసు, ఏ బావి నీళ్లు తాగుతారో రాసి పంపు.

సెలవు అడిగాను. “భువనగిరి దిక్కా? ఎందుకు?” అని అడిగి కాగితం పక్కన పెట్టారు. మళ్లీ అడగడానికి భయమేస్తున్నది.

నీ వెంకటయ్య నాకు నచ్చలేదు. దవాఖాన వెనక వాకిలికి వచ్చి టింక్చరు, దూది అడిగాడు. ఎవరికయ్యా అంటే “గొర్రెకు దెబ్బ తాకింది సారూ” అన్నాడు. గొర్రెను చూపించలేదు. గొంగళ్లు అమ్మేవాడికి అంత దూది ఎందుకు? నేను సర్కారు నౌకరీ చేసేవాణ్ని. ఈ ఒక్కసారికి మాత్రం అతని చేతికి ఇస్తున్నాను.

అన్న
రఘుపతి


ఎర్రగుట్టపల్లె
8 జనవరి 1949

పేర్లడిగే అన్నకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. కాళ్లకు ఆముదం రాస్తానని చెప్పి, కొంగు చాటున సందూకు తాళంచెవి పట్టుకుని మంచం చివర కూర్చున్నాను. పరాయి ఇంట్లో దొంగతనానికి దూరినట్టు అటూ ఇటూ చూసుకున్నాను. రెండు పాదాలకూ మూడుసార్లు గీశాను. ఏ వేలూ కదలలేదు. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. ఏం చేస్తున్నావని కూడా అడగలేదు.

అంటే ఇన్నాళ్లూ నేను మోసింది బరువును కాదు, అబద్ధాన్ని. నాకు ఒళ్లు మండిపోయింది. మరునాడు జొన్న గట్క పళ్లెం మంచం దగ్గర పెట్టకుండా, గడప దగ్గర పెట్టి చేనుకు పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే పళ్లెం కడిగినట్టుగా ఉంది. గడప దాకా ఎవరు నడిచి వచ్చారన్నా? నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఒకరినొకరు కనిపెట్టుకుంటూ కూర్చున్నాం.

ఇక నీ పేర్ల సంగతి. కిందటి వారం బడి ముందర ఒక కాగితం చదివి తొమ్మిది మందిని లారీ ఎక్కించారు. ఆ కాగితం ఎవరు రాసి ఇచ్చారో ఊళ్లో ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి ఎవరింటి ముందూ ఎవరూ నిలబడి మాట్లాడటం లేదు. ఇప్పుడు నువ్వు పేర్లు, వయసులు కావాలంటున్నావు. ఎవరు ఏ బావికి పోతారో కూడా కావాలంటున్నావు. బావి తెలిస్తే మనిషిని పట్టుకోవడం ఎంత సులువు! సర్కారు నౌకరీ నీ చేత ఏం చేయిస్తున్నదో నాకేం తెలుసు? అడిగానని ఏమీ అనుకోకు. అనుకున్నా సరే, పేర్లు మాత్రం రాయను.

వెంకటయ్య గొర్రె ముళ్లకంచెలో పడి తొడ చీరుకున్న మాట నిజం. నేను చూశాను. జవాబు అతని చేతికే ఇవ్వు. తపాలాలో వేయకు. మళ్లీ రాస్తున్నాను, తపాలాలో వేయకు.

కౌసల్య


అచ్చంపేట
20 జనవరి 1949

అన్నను జాసూసును చేసిన చెల్లెలికి,

బాగుంది. నీళ్లలో ఏమైనా దోషముందేమో చూద్దామని రోగుల జాబితా అడిగితే నేను మనుషుల్ని పట్టించేవాణ్నయ్యాను. నా సొంత చెల్లెలు ఇలా రాయగా చదువుతానని అనుకోలేదు. రెండు రోజులు పుస్తకం ముట్టలేదు.

వెంకటయ్య వచ్చాడు. నేను ఉత్తరం ఇవ్వలేదు. మళ్లీ దూది అడిగాడు, ఆ గొర్రెకేనట. అతని మూటలో నా దస్తూరీతో ఏదైనా దొరికితే నా నౌకరీ పోవడం అటుంచి, నన్నూ లారీ ఎక్కిస్తారు. అందుకే దీన్ని తపాలాలోనే వేస్తున్నాను. దాచవలసింది ఏముంది? దాచేవాళ్లనే కదా లోకం అనుమానించేది.

నువ్వు అడిగినదానికి జవాబు ఇది. యాదగిరి బావ కాళ్లకు రోగం లేదు. ఇది నా ఊహ కాదు, పరీక్ష తేల్చిన మాట. అతను నడవగలడు. ఎందుకు నడవడం లేదో, నువ్వు లేనప్పుడు ఎక్కడికి నడుస్తున్నాడో అతన్నే అడుగు. ఆ కాళ్లు కడగడం మానెయ్యి.

నా మాట కఠినంగా ఉందనుకుంటే, నువ్వు అడిగిన నిజమే కఠినంగా ఉందని తెలుసుకో. పదమూడో ప్రకరణం తొందరగా పంపు. అచ్చు వేసేవాళ్లు అడుగుతున్నారు.

రఘుపతి


ఎర్రగుట్టపల్లె
6 ఫిబ్రవరి 1949

డాక్టర్ రఘుపతి గారికి,

మీ ఉత్తరం అందింది. నాకంటే ముందు క్యాంపుకు అందింది.

ఈ నెల రెండో తారీఖు పొద్దున సుబేదారు, అమరేందర్, ఇంకో నలుగురు వచ్చారు. ఉత్తరం అమరేందర్ చేతిలో ఉంది. మా వాకిట్లో నిలబడి, ఊరంతా వినేటట్టు చదివాడు. ‘యాదగిరి బావ కాళ్లకు రోగం లేదు’ అన్న ముక్కను రెండుసార్లు చదివించారు. “నీ బామ్మర్దే రాసిండు. పెద్ద డాక్టరు. ఇగ లెవ్వు” అన్నారు.

ఆయన వాళ్ల వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

ఇద్దరు రెట్టలు పట్టి లేపితే కాళ్లు కత్తెరలాగా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. “మంచిగ నేర్సుకున్నడు” అని నవ్వి, అలాగే బడి దాకా ఈడ్చుకుపోయారు. దుమ్ములో రెండు మడమల గీతలు మా గడప నుంచి బడి దాకా ఉన్నాయి. నేను వాటి వెంటే నడిచిపోయాను. లోపలికి రానివ్వలేదు. నాలుగు రోజులైంది.

నటించేవాడు పదిమంది ముందు ఈడ్చుకుపోతున్నా నటిస్తాడా? మీ పుస్తకంలో దీనికి జవాబు ఉంటే చూసి చెప్పండి. తపాలాలో వేయవద్దని రెండుసార్లు రాశాను. మీరు ఆ ఉత్తరం నాకు రాశారా, వాళ్లకు రాశారా?

పదమూడో ప్రకరణాన్ని ఎత్తి రాయకుండానే తిప్పి పంపుతున్నాను. మీరు అనుమానించిన వెంకటయ్యే తెస్తున్నాడు. క్యాంపు దగ్గర బెదిరించినా వినకుండా, ఆయనకు గొంగడి తీసుకుపోయి ఇచ్చినవాడు ఈ ఊళ్లో అతనొక్కడే.

కౌసల్య


అచ్చంపేట
14 ఫిబ్రవరి 1949

కౌసల్యా,

నీకే రాశాను. మన నాయిన మీద ఒట్టు, నీకే రాశాను. నౌకరీ పోతుందని భయపడి తపాలాలో వేశాను, అది నా తప్పు. కానీ పరీక్ష మాత్రం తప్పు కాదు. ఎన్నో దేశాల్లో, ఎంతోమంది...

17 ఫిబ్రవరి

పైన రాసింది అక్కడ ఆపేశాను. చింపకుండా అలాగే పంపుతున్నాను. నేను ఎంతదాకా మొండికేశానో నీకు తెలియాలి.

నిన్న అమ్రాబాద్ అడవి నుంచి గాలయ్య అనే మనిషిని మంచం మీద మోసుకొచ్చారు. మూడు నెలల కింద తేనె తీస్తుంటే తాడు తెగి బండ మీద పడ్డాడు. నడుము విరిగింది. కాళ్లు కొయ్యల్లాగా బిగుసుకున్నాయి. ఒంటి మీద పుండ్లు పడితే ఇప్పుడు తెచ్చారు. అతని కాళ్లు నిజంగా పడిపోయాయని చెప్పడానికి ఏ డాక్టరూ అక్కరలేదు. అలవాటు కొద్దీ అరికాలు గీశాను. ఏ వేలూ కదలలేదు. మళ్లీ గీశాను. కదలలేదు.

“సూది గుచ్చినా తెల్వని కాలు సారూ, ఎందుకు గీకుతున్నవ్?” అన్నాడు.

అప్పుడు తాళంచెవి పక్కన పెట్టి, ఆ అరికాలిని చేత్తో తడిమాను. పుట్టి చెప్పు ఎరుగని కాలు. ఎద్దు గిట్టలాగా గట్టిపడి ఉంది. ఆ తోలు దాటి గీత లోపలికి పోతేనే కదా, వేలు కదిలేది! పాదం బయటి పక్కన చీలమండ కింద చర్మం మెత్తగా ఉంది. అక్కడ వెనక నుంచి ముందుకు గీశాను. బొటనవేలు నిదానంగా పైకి లేచింది. “సార్, లేచింది” అని నిర్మలమ్మ అన్నది. 

ఇంకా ఉంది. ఇంగ్లీషు పుస్తకం తీసి చూశాను. ఆ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: ఏ కదలికా లేకపోతే, దాన్ని బట్టి ఏమీ తేల్చకూడదు. నేను దాన్ని చదివాను, కౌసల్యా. తెలుగు చేసేటప్పుడు చదివాను. నా రెండు వాక్యాల నడకకు అడ్డమొస్తున్నదని వదిలేశాను. ఆ పుస్తకం రాసినవాళ్లు బూట్లు విప్పిన పాదాలను చూశారు. మరి నేను? మన నాయిన అరికాళ్లు నాకు గుర్తులేవా? ముల్లు గుచ్చుకుంటే విరిగేది ముల్లే. ఆ ఇంట్లో పుట్టి, ఆ పాదాలనే మరిచిపోయాను.

సుబేదారుకు ఇంగ్లీషులో ఒకటి, ఉర్దూలో ఒకటి, రెండేసి ప్రతులుగా ఉత్తరాలు రాశాను. నా మొదటి మాట తప్పని, యాదగిరి రోగం గురించి నేను ఏమీ తేల్చలేదని, ఎక్కడ ఎలా గీసి చూడాలో, దవాఖాన మొహరుతో సహా రాశాను. ఒక జత తపాలాలో వేస్తున్నాను, ఈసారి వాళ్లు విప్పి చదవాలనే. ఇంకో జత వెంకటయ్య చేతికి ఇస్తున్నాను. దండం పెట్టి ఇచ్చాను. దూది కూడా ఇచ్చాను.

బావ ఎలా ఉన్నాడో రాయి. తిట్టి రాసినా సరే. వచ్చి చూద్దామంటే నాకు ముఖం లేదు.

రఘుపతి


ఎర్రగుట్టపల్లె
9 మార్చి 1949

అన్నకు,

ఆయన ఇంటికి వచ్చి పది రోజులైంది. తపాలాలో నువ్వు వేసిన ఉత్తరమే ముందు చేరింది. సుబేదారు స్వయంగా బడి అరుగు మీద ఆయనను పడుకోబెట్టి, చీలమండ కింద గీశాడట. వేలు లేచింది. రెండో కాలికీ గీశాడు. లేచింది. సుబేదారు లోపలికి పోయాడు. నలుగురు మంచం మీద మోసుకొచ్చి దింపారు. వాళ్లలో అమరేందర్ ఒకడు. మా ముఖాలు చూడలేక గొంగడి సరిచేసి పోయాడు.

మడమలు రెండూ ఎముక దాకా ఒరుసుకుపోయాయి. నొప్పి తెలియడం లేదంటాడు. అది మంచిదో చెడ్డదో నువ్వే చెప్పాలి. మనిషి సగమయ్యాడు. పుండ్లు కడిగి వెంకటయ్య తెచ్చిన దూదితో కట్టు కడుతున్నాను.

మొన్న నేను కూడా గీసి చూశాను. ఈసారి అడిగి చూశాను. “చూస్కో” అన్నాడు. వేలు పైకి లేచింది. మొగుడి రోగం నిజమని తేలితే సంతోషంతో ఏడ్చిన ఆడదాన్ని నేనే అయి ఉంటాను.

“ఆముదం రాస్తనని తాళంచెవి వట్టుకున్ననాడే చూసిన” అన్నాడు. “కండ్లు మొత్తం మూసుకోలే.”

“మరి ఎందుకు అనలే?”

“ఏమనాలె? సంఘపోళ్లు నమ్మలే, మిలిటరోళ్లు నమ్మలే. నువ్వు గూడ అట్లనే చూస్తున్నవని ఎరుకైనంక ఇంకేమనాలె?”

గోడ మీది చేతుల గుర్తుల గురించి అడిగాను. నేను చేనుకు పోయాక, మంచం మీది నుంచి జారి, పాకి, దర్వాజా పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి చూసేవాడట. “ఒక్కనాడన్న నువ్వొచ్చెటాళ్లకు నిలవడి కనవడాలె అనుకున్న. పడ్డ సంగతి నీకెట్ల చెప్త?” అన్నాడు. సంక్రాంతి నెల పట్టేసరికే అలా పాకడం కూడా పోయిందట. మరి గడప దగ్గర పెట్టిన గట్క? నేను అడగకముందే ఆయనే చెప్పాడు. “గా గట్క కుక్క తిన్నది. నీకు చెప్తే బాధపడ్తవని చెప్పలే.”

అన్నా, నువ్వు ఒక్క వాక్యం వదిలేశావు. నేను ఒక పూట కూడు దూరం పెట్టాను. నిన్ను తిట్టడానికి కూర్చుంటే ముందు నన్ను తిట్టుకోవాల్సి వస్తున్నది. అందుకే ఈ ఉత్తరంలో తిట్లు లేవు.

పేర్లు పంపుతున్నాను. ఇవ్వాలని నేను అనుకోలేదు, ఆయనే అన్నాడు. “రాయి. ముందుగాల నా పేరు రాయి. మిగతావాళ్లను అడిగి రాయి.” ఇంటింటికీ పోయి అడిగాను. రాయమన్నవాళ్లవే రాశాను. యాదగిరి, నలభై. సైదమ్మ, ముప్పై ఐదు. చీమలు ఇప్పుడు మోకాళ్ల దాకా వచ్చాయట. బుచ్చయ్య, యాభై రెండు. గుర్వమ్మ, నలభై ఆరు. నలుగురూ కరువు ఏడాది తవ్విన లోతు బావి నీళ్లే తాగుతారు. నేనూ అదే తాగుతున్నాను. ఈ మధ్య పొద్దున లేస్తే నా నడుము తొందరగా వంగడం లేదు. దాని గురించి నువ్వు అడిగితేనే చెబుతాను.

నువ్వు తిప్పి పంపిన పదమూడో ప్రకరణం వెంకటయ్య తెచ్చి ఇచ్చాడు. శుభ్రంగా ఎత్తి రాసి పంపుతున్నాను. నువ్వు వదిలేసిన చిన్న అక్షరాల వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో పెట్టాను. చీలమండ కింద గీసే పద్ధతి దాని కింద రాశాను. ఈ రెండింటికీ ముందు, ప్రకరణం మొదట్లో నేను ఒక వాక్యం చేర్చాను: ‘ముందు రోగిని అడగాలి, అతడు చెప్పినది నమ్మాలి, ఆ తర్వాతే పాదము ముట్టుకోవాలి.’

అది నీ ఇంగ్లీషు పుస్తకంలో లేదు. నీ వాక్యాలంత సాఫీగా కూడా నడవదు. కొట్టేయాలనిపిస్తే అచ్చంపేటలో కూర్చుని కొట్టేయకు. వచ్చి, మీ బావ కాళ్ల దగ్గర కూర్చుని కొట్టెయ్యి.

నీ చెల్లెలు
కౌసల్య